కళ్లు లేచాకే ప్రశ్న

శ్రావణ శుద్ధ తదియ

ఈ దినచర్య చేత్తో రాస్తున్నాను. గోడకు చెబితే చిటికెలో అయిపోయే పనే. కానీ మా విశ్వవిద్యాలయం గోడలకు మర్యాద మరీ ఎక్కువ. నిన్న నేను పరీక్షల విభాగాన్ని బుర్ర తక్కువ సంత అన్నాను. గోడ మీద మాత్రం ‘గౌరవనీయమైన పరీక్షల విభాగం కొంత పునరాలోచన చేయవలసి ఉంది’ అని పడింది. డెబ్బై రెండేళ్లు సానబెట్టుకున్న నోరు నాది. దాన్ని సున్నం కొట్టిన గోడ దిద్దుతానంటే ఒప్పుకుంటానా?

నా పేరు లాస్య. అది ముసలమ్మల పేరని పిల్లలు నవ్వుతారు. మా చిన్నప్పుడు తరగతికి నలుగురం లాస్యలం ఉండేవాళ్లం. ఇప్పుడు పిల్లలంతా నూకాలమ్మలు, సింహాద్రులు, వీరభద్రాలు. మా ముత్తాతల పేర్లన్నీ తిరిగొచ్చి హాస్టల్లో మంచాలు వేసుకున్నాయి.

నేను పనిచేసేది వినికిడి సహాయ విభాగంలో. విభాగం అంటే నేను, ఒక బీరువా, పందొమ్మిది మంది విద్యార్థులు. ఒకప్పుడు సైగల్లో చెప్పేవాళ్లం, పాఠాలు రాసిపెట్టేవాళ్లం కలిపి పదకొండు మందిమి ఉండేవాళ్లం. తర్వాత గోడలకు రాత వచ్చింది. ఎవరు నోరు తెరిచినా ఎదురుగోడ మీద అక్షరాలు పడతాయి. వినపడేవాళ్లూ ఇప్పుడు వాటినే చదువుకుంటున్నారు. అందరికీ రాత అందుతుంటే చెవిటి పిల్లలకు వేరే మనుషులెందుకని పదిమందిని ఇంటికి పంపేశారు. నన్నెందుకు ఉంచారో తెలియదు. బీరువా తాళం నా దగ్గరుందని కాబోలు.

పొద్దున్నే మొదటి పని రాత అద్దాలు తుడవడం. గోడలు లేనిచోట పిల్లలు పెట్టుకునే కళ్లజోళ్లు అవి. మాటలు అద్దం లోపలే కనబడతాయి. సముద్రపు గాలికి వాటి మీద ఉప్పు పేరుకుంటుంది. సగం తుడిచానో లేదో నూకాలు వచ్చి ఫలితాల కాగితం నా బల్ల మీద కొట్టింది. ఈ పిల్ల గట్టు విద్య ఆఖరి ఏడు చదువుతోంది. పుట్టు చెవిటిది. హాస్టల్ పిల్లల సైగల్లో నా పేరు చెవి మెలిపెట్టడం. నూకాలు ఆ సైగ చేసినప్పుడల్లా తన చెవి ఎర్రబడేంత గట్టిగా మెలిపెడుతుంది. ఆ పిల్ల చేతులకు తీరపు కాలనీల యాస ఉంది. అందుకని ఇక్కడా అదే యాసలో రాస్తున్నాను.

“సూడు మామ్మా. నాలుగు ప్రశ్నలకీ ‘స్పందన లేదు’ అని రాసీసినారు. నానేటి సచ్చిపోనానా?”

గట్టు సంగతి చెప్పాలి. బీచ్ రోడ్డు నీళ్ల కిందికి పోయాక ఊరంతా సముద్రానికి అడ్డంగా కట్టిన ఈ కాంక్రీటు గట్టు వెనకే బతుకుతోంది. తిథులు మళ్లీ అందరి నోళ్లలోకి వచ్చింది భక్తి పెరిగి కాదు, పోటుపాట్లు లెక్క చూసుకోవడానికి. గట్టులో అక్కడక్కడ వేలు దూరేంత రంధ్రాలుంటాయి. వాటిలో కన్నుగొట్టం పెట్టి, కన్ను ఆనించి, లోపలి పగుళ్లు చూస్తారు. ఏది పాత పగులు, ఏది ఇంకా నీళ్లు తాగుతోంది, ఏది రేపోమాపో మనల్ని తాగబోతోంది అని చెప్పగలిగినవాళ్లకే గట్టు మీద ఉద్యోగం. నూకాలు వాళ్ల కాలనీ దగ్గరి గట్టుకు మనిషి కావాలి. ఆ ఖాళీ కోసమే ఈ పిల్ల చదువుతోంది.

పరీక్ష మాత్రం గదిలో, నమూనా గోడ మీద. విద్యార్థి గొట్టంలో చూస్తుండగానే పరీక్షకుడు ప్రశ్నలు అడుగుతాడు. నూకాలుకు ఆ ప్రశ్నలు రాత అద్దాల మీద పడతాయి. గొట్టానికి కన్ను ఆనించాలంటే అద్దాలు తీయక తప్పదు. అద్దాలు బల్ల మీద, ప్రశ్న అద్దాల మీద, కన్ను గోడలో. చివరికి ‘స్పందన లేదు’.

ఇంకొక్క అవకాశం ఉంది. అందులోనూ తప్పితే గట్టు విద్య నుంచి పేరు కొట్టేస్తారు.

శ్రావణ శుద్ధ పంచమి

వీరభద్రంగారిని కలిశాను. నలభై దాటని మనిషి. పరీక్షల విభాగానికి అధిపతీ ఆయనే, గట్టు విద్యకు పరీక్షకుడూ ఆయనే. నేను ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే నా వెనక గోడనే చూస్తున్నాడు. ఈ తరానికి అదో అలవాటు. మనిషిని కూర్చోబెట్టి మాటను గోడ మీద చదువుకుంటారు.

“ప్రశ్న ఆ అమ్మాయికి అందింది మామ్మగారూ. అద్దాల మీద పడినట్టు నమోదై ఉంది.”

“నేను ఊళ్లో లేనప్పుడు మా ఇంటి గుమ్మంలో ఉత్తరం పడేసి పోయారు. నాకు అందినట్టేనా?”

“మిగతావాళ్లు చూస్తూనే చెబుతున్నారు కదండీ.”

“వాళ్లు చెవులతో వింటూ కళ్లతో చూస్తున్నారు. ఈ పిల్ల వినాలన్నా కళ్లే, చూడాలన్నా కళ్లే. మీరు సున్నుండ నములుతూ ఈల వేయగలరా?”

అది గోడ మీద ఎలా పడిందో గానీ చదివి నవ్వు ఆపుకున్నాడు. “పోనీ, నన్నేం చేయమంటారు?”

“ఆ పిల్ల కళ్లు పైకెత్తేదాకా ఆగండి. అప్పుడు అడగండి. చెవిటి పిల్లల హాస్టల్లో అందరూ చేసేదదే. ఒకరు కూర తరుగుతుంటే రెండోవాళ్లు పక్కన నిలబడి, కళ్లు లేచాకే మాట మొదలుపెడతారు. తరిగే చేతికీ క్షేమం, చెప్పే మాటకూ క్షేమం. కొత్త యంత్రం కూడా అక్కర్లేదు.”

యంత్రం అక్కర్లేదనేసరికి ఆయన ముఖం వాడిపోయింది. “ఆగడం అనేది పరీక్షా విధానంలో లేదండీ.”

“మనుషుల్లో ఉంటుంది. అరువు తెచ్చుకోండి.”

కాసేపు గోడ చూశాడు. తర్వాత ఉత్సాహంగా బల్ల మీద చరిచాడు. “ప్రశ్నను గొట్టం లోపలే రాయిస్తే? కన్ను తీసే పనే ఉండదు! మీరు నిశ్చింతగా ఉండండి మామ్మగారూ.”

నిశ్చింతగా ఉండమని నాకు ఎవరు చెప్పినా ఆ పూట అన్నం సయించదు.

శ్రావణ శుద్ధ అష్టమి

మా అమ్మ అష్టమి నాడు గడప దాటేది కాదు. ఇప్పుడు గట్టు పనులన్నీ వెతికి మరీ అష్టమికే పెడుతున్నారు. ఆ రోజు పోటు చిన్నది, సముద్రం ఒళ్లు మరిచి నిద్రపోతుంది.

పనిముట్ల గదికి వెళ్లాం. గది చూసుకునే సింహాద్రి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. వాడికి సైగల్లో వచ్చిన మాట ఒక్కటే, టిఫిను. నూకాలు కనబడగానే అది చేసి చూపిస్తాడు.

“మామ్మగోరూ, కొత్త గొట్టం వొచ్చీసింది. నోపల అచ్చరాలు పడతాయంట. ఇంకొన్నాళ్లు పోతే సినిమా కూడా పడతాది.”

నూకాలు కన్ను ఆనించింది. నేను గోడకు ప్రశ్న చెప్పాను. కాసేపటికి తలెత్తి నా వైపు తిరిగింది.

“పగులెక్కడుందో సెప్పమంతంది మామ్మా. అలగని సెప్పి ఆ ప్రశ్నే పగులు మీద ఎక్కి కూకుంది.”

ఆ మాట నేను చెబితే సింహాద్రి నమ్మలేదు. తనూ వంగి చూశాడు. “నిజమేనండి. నాకు ప్రశ్న బాగా అవుపించింది గానీ గోడే అవుపడ్నేదు.”

మధ్యాహ్నానికి అక్షరాలను అంచుకు జరిపించారు. అంచు చదవబోతే కన్ను కదులుతుంది, కన్ను కదిలితే గొట్టం జారుతుంది, గొట్టం జారితే చూస్తున్న పగులు చేజారుతుంది. నూకాలు ఓపికగా ఆ పూటంతా ప్రయత్నించింది. చివరికి గొట్టం తుడిచి సింహాద్రి చేతికిచ్చి టిఫిను సైగ చేసింది. ముగ్గురం వెళ్లి ఉప్మా తిన్నాం. ఉప్మాలో ఉప్పు లేదు. ఊరిచుట్టూ ఉప్పునీళ్లు పెట్టుకుని మా క్యాంటీన్‌కు ఇదేం పొదుపో.

శ్రావణ శుద్ధ దశమి

వీరభద్రంగారే కబురంపాడు. నూకాలును తీసుకుని వెళ్లాను. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే రాసిపెడుతున్నాను, తర్వాత రాసేదాంట్లో అది కనబడకపోవచ్చు.

కుర్చీలు తనే జరిపాడు, కొబ్బరినీళ్లు ఇప్పించాడు. “ఒక దారి దొరికింది మామ్మగారూ. గొట్టం పరీక్ష నుంచి ఆ అమ్మాయికి మినహాయింపు ఇప్పిస్తాను. పరీక్ష లేకుండానే ఉత్తీర్ణత. పట్టా చేతికొస్తుంది. గట్టు మీద పనికి అనుమతి మాత్రం ఉండదు. ఆఫీసులో మంచి కుర్చీ చూసిపెడతాం.”

చేతులతో చెప్పాను. నూకాలు కొబ్బరిబోండం కింద పెట్టింది.

“ముందు నా ముకం సూడమను మామ్మా. గోడ కాదు.”

ఆ మాట గట్టిగానే అందించాను. ఆయన ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. నూకాలు చేతులు నెమ్మదిగా కదిలాయి. కోపం వస్తే మనం గొంతు పెంచుతాం, ఈ పిల్ల వేగం తగ్గిస్తుంది.

“మాయమ్మ, మా తమ్ముళ్లు ఆ గట్టు కిందే తొంగుంటారు. ఎవుడో సూసొచ్చిన గోడకి నాను కుర్చీలో కూకుని ముద్రెయ్యాలా? నాకు రాకపోతే తప్పించండి. నన్ను అడక్కుండా పాసు సెయ్యకండి.”

“అమ్మా, నీ మంచికే…” అన్నాడు ఆయన.

“అయితే పరీచ్చ గట్టు మీద పెట్టండి. పున్నమి నాడు, పంపులన్నీ తిరిగే ఏల. గదిలో నాకొక్కదానికే వినపడదు. ఆడ ఎవుడికీ వినపడదు. ఆడ పనోళ్లు ఎలగ మాటాడుకుంటారో అలగే అడగండి.”

వీరభద్రంగారు ఇదివరకు గట్టు మీద ఆరేళ్లు పనిచేశాడట. ఆ పేరెత్తగానే నడుము నిటారుగా అయింది. “పౌర్ణమి గట్టు నాకు కొత్త కాదు,” అన్నాడు. వెంటనే గుర్తొచ్చినట్టు, “కానీ అక్కడ గోడరాత పనిచేయదు. మధ్యలో మీరుండాలి. మీరు జవాబులు అందిస్తే?”

“నేను గోడకు వీపు పెట్టి నిలబడతాను. పగులే కనబడని మనిషి ఏం అందిస్తుంది? ఈ వృత్తిలో పరీక్షలప్పుడు ఎప్పుడూ అలాగే నిలబడ్డాం. మాకు గోడల కన్నా ముందు నుంచీ నిజాయితీ ఉంది.”

ఒప్పుకున్నాడు. ఇదే ఆఖరి అవకాశంగా లెక్కలోకి వస్తుందని కూడా చెప్పాడు. నూకాలు తలూపింది.

నడవాలోకి వచ్చాక నేను వదిలిపెట్టలేదు. “పిచ్చెక్కిందా నీకు? అష్టమి అడగొచ్చుగా! పౌర్ణమి తుంపరకు ఆ రాళ్ల మీద మేకలు కూడా నిలబడవు. నా చేతులు తడిసి వణికి ఒక్క ముక్క తప్పు చెప్పానంటే నీ చదువే పోతుంది.”

నూకాలు నా రెండు చేతులూ పట్టుకుని ఆపింది. చేతులతో మాట్లాడేవాళ్లు అలా పట్టుకుంటే నోరు మూసినట్టే. తర్వాత వదిలి అడిగింది.

“ఉజ్జోగమొచ్చాక పున్నమికి సెలవిస్తారేటి మామ్మా?”

సాధనకు పనికొచ్చే గోడ వెతకడానికి బయల్దేరాను. ఈ వయసులో అది కొత్త అనుభవం.

శ్రావణ శుద్ధ త్రయోదశి

మూడు రోజులుగా సాధన. హాస్టల్ వెనక నీళ్లతొట్టి గోడే మా గట్టు. మిగతా పిల్లలు వంతులవారీగా పరీక్షకులవుతున్నారు. అసలు పరీక్షకుడి కన్నా వీళ్లే దుర్మార్గులు. నూకాలు గొట్టంలో చూస్తుంటే నా ముఖాన చెంబుతో నీళ్లు కొట్టి, ఆ తడిలో సైగ చేయమంటున్నారు. అడ్డమొచ్చే చీర మానేసి సింహాద్రి ఇచ్చిన గట్టువాళ్ల ప్యాంటు తొడుక్కున్నాను. చూడగానే అందరి చేతులూ ఒక్కసారి ఆగిపోయాయి. చెవిటి హాస్టల్లో నిశ్శబ్దమంటే అది.

“బాగున్నారండి మామ్మగోరూ,” అన్నాడు సింహాద్రి, నా వైపు చూడకుండా.

నూకాలు మాత్రం నవ్వట్లేదు. రంధ్రం నుంచి రంధ్రానికి వెళుతోంది, చూస్తోంది, వెనక్కి వచ్చి మళ్లీ చూస్తోంది. సాయంత్రం నేను ఇక చాలన్నాను. తనకు చాలలేదంది.

శ్రావణ పౌర్ణమి

సముద్రం వెనక్కి తీసే పాటు మీదున్నా తగ్గలేదు. నిండు పున్నమి నీళ్లు గట్టును గుద్దుతున్నాయి. లోపలికి వచ్చిన నీటిని బయటికి తోడే పంపులన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి. ఆ మోతకు నా పళ్లు కట్టుడువి కాకపోయినా కదిలాయి. వీరభద్రంగారు రాత అద్దాలు పెట్టుకుని వచ్చాడు. వాటి మీద చెత్త అక్షరాలు వర్షంలా పడుతుంటే కాసేపు చూసి, తీసి జేబులో పెట్టుకున్నాడు. సింహాద్రి అందరి నడుములకూ తాళ్లు కట్టాడు. నాకు రెండు కట్టాడు.

గట్టు లోపలివైపు నడకబల్ల మీద నిలబడ్డాం. నేను గోడకు వీపు పెట్టాను. నూకాలు గొట్టం దూర్చి కన్ను ఆనించింది. వెంటనే ఆయన నా చెవి దగ్గరికొచ్చి అరిచాడు.

“ఈ పగులు లోతెంత?”

నేను కదల్లేదు. ఆయన మళ్లీ అరిచి, నా చేతులు చూపించి, చెప్పండన్నట్టు ఊపాడు. నేను నూకాలు తల వెనక భాగాన్ని చూపించాను. ఎవరికి చెప్పను? ఆ జడకా?

నూకాలు తీరిగ్గా చూసింది. గొట్టాన్ని కొంచెం తిప్పి చూసింది. తలెత్తింది. ప్రశ్న నా చేతుల్లో సిద్ధంగా ఉంది. ఇచ్చాను. జవాబు ఇచ్చింది. నేను ఆయన చెవిలో అరిచాను. ఆయన రాసుకున్నాడు. రెండో రంధ్రం దగ్గరా అంతే. ఆయన అసహనంగా కాలు మార్చుకుంటూ నిలబడ్డాడు, మేమిద్దరం కళ్లు లేచేదాకా ఆగాం.

మూడో రంధ్రం దగ్గర నూకాలు చాలాసేపు తలెత్తలేదు. ఎత్తాక ప్రశ్న కోసం ఆగలేదు.

“ఇది తాగతంది. అంచున ఉప్పు తెల్లగా ఎండి ఉండాల. తడిగున్నాది. నీరు ఇప్పుడే వొస్తంది.”

“అది పాత పగులు! పూడ్చేశాం!” ఆయన నా చెవిలో అరిచాడు. పూడ్చిన రోజుల్లో గట్టు మీదున్నది తనేనట.

నూకాలు పక్కకు జరిగి గొట్టం చూపించింది. మీరే చూసుకోండి అని ఆ చేతికి అనువాదం అక్కర్లేదు.

ఆయన వంగి కన్ను ఆనించాడు. నూకాలు నాకు చెప్పింది: “కుడేపు కింద సూడమను మామ్మా.” నేను ఆయన పక్కకు వెళ్లి అరిచాను. చెవి అందలేదు, మోతలో ఏమీ చేరలేదు. భుజం మీద తట్టాను. ఆయన గొట్టం నుంచి కన్ను తీయకుండానే ఎడమ చెయ్యి వెనక్కి చాచి, అరచెయ్యి నిలబెట్టాడు.

ఆగండి, చూస్తున్నాను.

ఆగాం. నూకాలు చేతులు కట్టుకుని నిలబడింది. తుంపర మీద పడుతోంది. సింహాద్రి నన్ను చూశాడు, నేను సింహాద్రిని చూశాను. నవ్వితే తాడు తెగుతుందేమో అన్నంత బిగబట్టుకున్నాం. ఆ అరచెయ్యి అలా గాల్లో ఉండిపోయింది. చాలాసేపే ఉంది.

చివరికి ఆయన తలెత్తాడు. ఎదురుగా ముగ్గురం తడుస్తూ, ఆయన కళ్ల కోసం ఎదురుచూస్తున్నాం. ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు జేబులో పెట్టుకున్నాడు. సింహాద్రిని పిలిచి ఆ రంధ్రం చుట్టూ ఎర్రరంగు పూయించాడు. పంపులవాళ్లకు మనిషిని పరిగెత్తించాడు.

ఆ తర్వాత నాలుగో రంధ్రం. నూకాలు చూస్తున్నంతసేపూ వీరభద్రంగారు నోరు తెరవలేదు. ఆగడం చేతకాని మనిషి ఆగితే ఎలా ఉంటుందో చూశాను. నీళ్లలో తల ముంచినవాడిలా ఊపిరి బిగబట్టాడు. ఆ పిల్ల కళ్లు లేచాకే ప్రశ్న అడిగాడు. “ఈ పగులు ఎప్పటిది? దేనివల్ల?”

“ఈ ఏటిదే. పోటు దెబ్బ,” అంది నూకాలు ధీమాగా.

ఆయన ముఖం వెలిగింది. “తప్పు! ఇది కట్టినప్పటిది. సిమెంటు ఆరకముందే పలకలు తీసేస్తే వచ్చే గీత.” నూకాలు ఒప్పుకోలేదు. ఆయన ఊరుకోలేదు. గొట్టం ఇటు లాగి అటు లాగి, ఇద్దరూ వంతులుగా చూస్తూ, ఒకరి కళ్లు లేచేదాకా ఒకరు గిలగిల్లాడుతూ ఆగి, మళ్లీ పోట్లాడుకున్నారు. మధ్యలో నేను ఇటు చేతులతో, అటు గొంతుతో. పోటు తిరిగిందని సింహాద్రి తాళ్లు లాగేదాకా ఎవరూ దిగలేదు.

శ్రావణ బహుళ విదియ

రెండు రోజులుగా గొంతు లేదు. చేతులున్నాయి కాబట్టి పనికి లోటు రాలేదు.

ఫలితం వచ్చింది. నూకాలు పాసైంది. గట్టు అనుమతి కూడా వచ్చింది. మూడో పగులుకు మరమ్మతు మొదలైంది. ఇకనుంచి గొట్టం పరీక్షలో ఎవరినైనా సరే, కళ్లు పైకెత్తాకే ప్రశ్న అడగాలని వీరభద్రంగారు ఉత్తర్వు వేశాడు. అందులో నా పేరు లేదు, నూకాలు పేరు లేదు. ‘అనుభవం దృష్ట్యా’ అని ఉంది. ఎవరి అనుభవమో రాయలేదు. నేను పట్టించుకోను. పేరు పోయినా పని నిలబడితే చాలు. వినపడే పిల్లలు కూడా ఆనందంగా ఉన్నారట. ఇన్నాళ్లూ వాళ్లూ సగం చూసి, సగం విని, మిగతా సగం ఊహించి చెబుతున్నారని ఇప్పుడు బయటపడింది. మూడు సగాలు ఎలా వచ్చాయని అడగకండి, మార్కులు అలాగే వేసేవాళ్లు.

మిఠాయి తెస్తుందనుకుంటే నూకాలు మండిపడుతూ వచ్చింది.

“నాలుగో ప్రశ్నకి మార్కులు కోసీసినాడు మామ్మా! మొత్తం కోసీసినాడు!”

“జవాబు తప్పు కనక.”

“తప్పేటి? అది ఈ ఏటి పగులే. పద, ఆయన్ని అడుగుదాం.”

మొన్నటిదాకా ఈ పిల్ల మార్కుల కాగితంలో తప్పని కూడా ఉండేది కాదు, ఒట్టి ‘స్పందన లేదు’ ఉండేది. ఇప్పుడు నిక్షేపంలాంటి తప్పు ఒకటి ఉంది, స్వయంగా చూసి, ఆలోచించి, ధీమాగా చేసింది. ఆ మాట చెబితే నా మీద కూడా పడుతుందని ఊరుకుని చెప్పులు వేసుకున్నాను.

వీరభద్రంగారు కుర్చీని గోడ నుంచి మా వైపు తిప్పుకున్నాడు. నూకాలు మొదలుపెట్టింది. ఆ పిల్ల వాదనకు కాళ్లు లేవు. అంచుల రంగు గురించి చెప్పింది తలకిందులుగా ఉంది, పోటు లెక్కా తప్పు. అయినా ఒక్క ముక్క విడవకుండా, ఒక్క ముక్క నునుపు చేయకుండా అందించాను. ఆయన ప్రతిదానికీ ఎదురు చెప్పాడు. దాన్నీ అంతే కటువుగా నూకాలు ముందు పెట్టాను. టీలు వచ్చాయి, చల్లారాయి. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

ఆయన విసిగి నా వైపు తిరిగాడు. “మీరే చెప్పండి మామ్మగారూ. పెద్దవారు. మీకేమనిపిస్తోంది?”

“నాకేమీ అనిపించదు,” అన్నాను. “పనిలో ఉన్నాను.”